మోడళ్లను నమ్మం సరే, పాత లెక్కలను ఎందుకు నమ్ముతున్నాం?

నీటి ప్రాజెక్టుల గురించి మాట్లాడేటప్పుడు వాతావరణ మార్పు ప్రస్తావన తెస్తే చాలు, ఇంజినీర్ల నుంచి వెంటనే వచ్చే సమాధానం ఒకటుంది. రాబోయే వాతావరణాన్ని కంప్యూటర్లో లెక్కగట్టే క్లైమేట్ మోడళ్లు తలా ఒక లెక్క చెప్తాయి, వాటిని పట్టుకుని డ్యాములు కడతామా అంటారు. కట్టకూడదు, ఒప్పుకుంటాను. కానీ మోడళ్లను పక్కనపెట్టాక మనం దేన్ని పట్టుకుని కడుతున్నామో, నీళ్లు పంచుకుంటున్నామో ఒకసారి చూడండి. అసలు టెన్షన్ పడాల్సింది అక్కడ.

కృష్ణానే తీసుకుందాం. ఆ నది నీటిని రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ 1973లో తేల్చిన 2,060 టీఎంసీల అంకె తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1894–95 నుంచి 1971–72 దాకా 78 ఏళ్ల ప్రవాహాలను వరసగా పేర్చి, నాలుగేళ్లలో మూడేళ్లు కచ్చితంగా వచ్చే నీరెంతో చూసి, అంటే 75 శాతం డిపెండబిలిటీతో, ఆ అంకె తీశారు. పునరుత్పత్తి జలాలు, అంటే వాడాక మళ్లీ నదిలోకి చేరే నీళ్లు, 70 టీఎంసీలు కలిపితే 2,130. తర్వాత వచ్చిన బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 1961–62 నుంచి 2007–08 దాకా 47 ఏళ్లే తీసుకుంది. అదే 75 శాతం లెక్కకు 2,173 వచ్చింది, 65 శాతానికి దించితే 2,293 అయింది, సగటు పట్టుకుంటే ఏకంగా 2,578! నది అదే, కొండలు అవే. ఏ సంవత్సరాల నుంచి లెక్కపెట్టాలి, ఎంత నమ్మకం చాలు అనే రెండు నిర్ణయాలతో ఆ 2,130 మీద 448 టీఎంసీలు కాగితం మీద పెరిగాయి. శ్రీశైలం రిజర్వాయర్ నిండితే పట్టేది 215 టీఎంసీలు. దానికి రెట్టింపు దాటిన నీరన్నమాట.

దీన్ని మనం రికార్డు అంటున్నాం, వాస్తవం అంటున్నాం. నా దృష్టిలో ఇదీ మోడలే. రాబోయే యాభై ఏళ్లు మనం ఎంచుకున్న ఆ యాభై ఏళ్లలాగే ఉంటాయి అనే ఒకే ఒక్క ఊహ మీద నిలబడ్డ మోడల్. పైగా అది తన అంచనా ఎంత తప్పొచ్చో ఎక్కడా చెప్పదు. క్లైమేట్ మోడళ్లు కనీసం ముప్ఫై చోట్ల ముప్ఫై రకాలుగా లెక్క కట్టి, మా మధ్య ఇంత తేడా ఉంది అని బయటపెడతాయి. ఆ నిజాయితీనే మనవాళ్లు లోపంగా చూపిస్తున్నారు.

మోడళ్ల లోపాలు చిన్నవేం కాదు, వాటి మీద వచ్చే విమర్శలో చాలా భాగం సరైనదే. ప్రపంచ స్థాయి మోడళ్లు భూమిని గడులుగా విడగొట్టి లెక్కిస్తాయి, ఒక్కో గడి సుమారు 100 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. కృష్ణ పుట్టే మహాబలేశ్వర్‌లో ఏటా 5,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడితే, తూర్పున ఘాట్ దిగి కొద్ది కిలోమీటర్లు వెళ్లేసరికి అది 1,000 లోపుకి పడిపోతుంది. ఈ రెండూ ఒకే గడిలో కలిసిపోతే కృష్ణలోకి నీళ్లెన్నొస్తాయో ఆ మోడల్ ఏం చెప్తుంది? మేఘాలు గడి కంటే చిన్నవి కాబట్టి వాటిని నేరుగా లెక్కించడం కుదరక సూత్రాలతో సర్దుతారు. దాంతో చాలా మోడళ్లలో వాన రోజూ కాస్త కాస్త తుంపరగా కురుస్తుంది, కుండపోత సరిగ్గా పడదు. ఇంకా ఇబ్బందికరమైన విషయం ఒకటుంది. 1951 నుంచి 2015 మధ్య దేశంలో నైరుతి వానలు సుమారు 6 శాతం తగ్గాయని పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) ఆధ్వర్యంలో 2020లో వచ్చిన కేంద్ర నివేదిక చెప్పింది. మోడళ్లేమో ముందు ముందు వానలు పెరుగుతాయంటున్నాయి.

ఈ చివరిదానికి జవాబుంది. గాలిలో పెరిగిన పొగ, దుమ్ము కణాలు ఎండను అడ్డుకుని రుతుపవనాలను బలహీనపరిచాయి. వేడెక్కే గాలి మాత్రం డిగ్రీకి 7 శాతం చొప్పున ఎక్కువ తేమ మోస్తుంది. ఒకటి కిందికి లాగుతుంటే ఇంకోటి పైకి నెడుతోంది. కాలుష్యం తగ్గేకొద్దీ రెండోదే గెలుస్తుందని, డిగ్రీకి దాదాపు 5 శాతం చొప్పున రుతుపవన వర్షం పెరగొచ్చని 2021లో జర్మనీలోని పోట్స్‌డామ్ పరిశోధకులు ముప్ఫైకి పైగా మోడళ్లను పరిశీలించి తేల్చారు. ఏడాదికీ ఏడాదికీ మధ్య ఊగిసలాట కూడా పెరుగుతుందన్నారు. దిశ తెలుసు, మలుపు ఏ దశాబ్దంలో తిరుగుతుందో, ఏ జిల్లాలో ఎంతో తెలీదు. అది తెలీనప్పుడు తెలిసినట్టు రాయడమే నాకు కోపం తెప్పించేది. 2050 నాటికి ఫలానా జిల్లాలో వర్షపాతం ఇంత శాతం పెరుగుతుందని దశాంశాలతో సహా ముద్రించే నివేదికలు వస్తున్నాయి కదా, వాటిలో చాలావరకు ప్రపంచ మోడల్ ఫలితాన్ని గణాంక పద్ధతులతో చిన్న గడుల్లోకి సర్దినవే. పాస్‌పోర్ట్ సైజు ఫొటోను ఫ్లెక్సీ అంత సాగదీస్తే మనిషి ముఖంలో కొత్త వివరాలేం పుట్టుకురావు.

కాబట్టి మోడల్‌ను అడగాల్సిన ప్రశ్న ‘ఎంత పడుతుంది?’ అని కాదు. ముప్ఫై మోడళ్లూ చెప్పే ముప్ఫై భవిష్యత్తుల్లో మన కట్టడం ఎన్నింటికి తట్టుకుంటుంది, ఎన్నింటిలో కూలుతుంది అని అడగాలి. ఆ ప్రశ్నకు ఈ మోడళ్లు ఇప్పుడున్న స్థితిలోనే బాగా పనికొస్తాయి.

గతాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో మనకు వేరేవాళ్లు చెప్పాలా? శ్రీశైలాన్ని సుమారు 19 లక్షల క్యూసెక్కుల వరదకు డిజైన్ చేస్తే 2009 అక్టోబర్‌లో 25 లక్షలు దాటి వచ్చింది, కర్నూలు మునిగింది. నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టు గేట్ల సామర్థ్యం 3 లక్షల క్యూసెక్కుల దగ్గర ఉంటే 2022 జులైలో 5 లక్షలు వచ్చి పడ్డాయి, ఆ రాత్రి కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ మరుసటి ఏడాది జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన. పక్క జిల్లా మోరంచపల్లిలో తెల్లారేసరికి జనం ఇళ్ల కప్పుల మీద ఉన్నారు. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడేది 550 చిల్లర, అంతకంటే ఎక్కువ ములుగులో ఇరవై నాలుగు గంటల్లో పడింది.

అనంతపురం రైతుకు ఏడాది మొత్తం ఎంత అన్నది పెద్దగా పనికిరాని లెక్క. వేరుశనగ ఊడలు దిగే దశలో మూడు వారాలు చినుకు పడకపోతే సెప్టెంబర్‌లో ఎంత దంచి కొట్టినా పోయిన కాయ తిరిగి రాదు. ఊళ్లో లెక్క మాత్రం ‘సాధారణ వర్షపాతం’ అనే వస్తుంది, కరవు మండలాల జాబితాలో పేరు కోసం తిరగాల్సి వస్తుంది. సగటు పెరుగుతూనే వానకూ వానకూ మధ్య ఎడం కూడా పెరిగే అవకాశాన్ని మోడళ్లు చూపిస్తున్నాయి. మన పంటల బీమా, కరవు నిబంధనలు దాన్నిబట్టి మారాలి, జిల్లా సగటు శాతాన్నిబట్టి కాదు.

ఇదంతా చివరికి తేలేది రెండు రాష్ట్రాల నీళ్ల గొడవలోనే. 2025లో ఆంధ్రప్రదేశ్ రాయలసీమకు నీళ్లు మళ్లించే పోలవరం–బనకచర్ల ప్రతిపాదనను కేంద్రానికి పంపింది. గోదావరి నుంచి 200 టీఎంసీల వరద నీరు, ఖర్చు 80 వేల కోట్ల పైనే. ఏటా 3,000 టీఎంసీల దాకా సముద్రంలో కలుస్తున్నాయన్నది దాని ఆధారం. తెలంగాణ అభ్యంతరం వాటా మీద. ఒకరు మిగులు ఉందంటారు, ఇంకొకరు అందులో మాకూ ఉందంటారు, ఇద్దరూ గతం అంకెల మీదే కొట్టుకుంటున్నారు. ఆ మిగులు రేపు ఎన్ని రోజుల్లో వస్తుందని ఏ పక్షమూ అడగడం లేదు. అదే 200 టీఎంసీలు అరవై రోజుల్లో రాకుండా ఇరవై రోజుల్లో ఉరుకుతూ వస్తే మోయడానికి కాలువ మూడింతలు కావాలి, పంపులూ మూడింతలు కావాలి, మిగతా ఏడాదంతా అవి ఖాళీగా ఉంటాయి. దీనికి తోడు నదుల అనుసంధానమే వానను మారుస్తుందేమో కూడా చూడాలి. ఐఐటీ బాంబే, ఐఐటీఎం పరిశోధకులు 2023లో ప్రాంతీయ మోడల్‌తో లెక్కవేస్తే, అనుసంధానంతో పెరిగే సాగునీరు నేలకూ గాలికీ మధ్య తేమ తీరును మార్చి, ఇప్పటికే నీటి కొరత ఉన్న కొన్ని ప్రాంతాల్లో సెప్టెంబర్ వానను 12 శాతం దాకా తగ్గించొచ్చని వచ్చింది. ఆ ప్రాంతాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఇది ఒక్క అధ్యయనం, తప్పు కావచ్చు. అయితే తప్పని తేల్చడానికైనా ఎవరో ఒకరు లెక్క వేయాలి కదా.

అందుకే ఏ రాష్ట్రంలోనైనా సరే, వేల కోట్ల ప్రాజెక్టు సమగ్ర నివేదిక (డీపీఆర్) ఆమోదానికి వెళ్లేముందు అందులో ఒక పట్టిక ఉండాలి. బాగా ఎండిపోయే మోడల్‌లో ఈ కాలువకు ముప్ఫై ఏళ్లలో ఎన్నేళ్లు నీళ్లొస్తాయి, బాగా తడిసే మోడల్‌లో గట్టు ఎన్నిసార్లు తెగుతుంది, మధ్యలో ఉన్నవాటిలో చివరి ఆయకట్టు రైతుకు ఏ నెలలో నీళ్లందుతాయి. ఆ పట్టికను తెలుగులో, వెబ్‌సైట్‌లో, టెండర్లు పిలవకముందే పెట్టాలి.