వంతెన ఎందుకు, విమానం ఉండగా!

తెలంగాణలోని కొల్లాపూర్ నుంచి ఆంధ్రలోని ఆత్మకూరుకు ఎంత దూరమని ఇంటర్నెట్‌ని అడిగి చూడండి. గాలిలో అయితే 40 కిలోమీటర్ల లోపే. విమానానికి మూడు నిమిషాల పని. ఈ రెండు ఊళ్లలో విమానాశ్రయం ఎక్కడుందని అడక్కూడదు, అది వేరే శాఖ. రోడ్డున పోతే మాత్రం పెబ్బేరు, కర్నూలు, నందికొట్కూరు చుట్టి రావాలి. దాదాపు నాలుగింతలు.

మధ్యలో ఉన్నది కృష్ణా నది. ఇటు తెలంగాణ వైపు సోమశిల, అటు ఆంధ్ర వైపు సిద్ధేశ్వరం. ఎదురుగా కనిపిస్తున్న గట్టుకు కర్నూలు మీదుగా వెళ్లడంలోని పుణ్యం తెలియని అజ్ఞానులే వంతెన, వంతెన అని గొంతు చించుకుంటారు.

పైవాళ్లు పట్టించుకోలేదనడం అన్యాయం. 2022లో కేంద్రం 1,082 కోట్లతో తీగల వంతెనకు సరే అంది. ఇలాంటిది దేశంలోనే మొదటిది, ప్రపంచంలో రెండోది అన్నారు. గోపురంలాంటి స్తంభం, మెరిసే దీపాలు, పైగా నడవడానికి గాజు దారి! బస్సు అవతలికి పోతే చాలు మహాప్రభో అన్నవాడికి గాజు మీద నిలబడి నీళ్లు చూసే యోగం రాసిపెట్టారు.

నీళ్లు చూడటానికి గాజెందుకు? మన బోటు లేదూ! బల్లచెక్క మీదుగా ఇద్దరు బైకును వెనక నుంచి తోస్తారు, ఒకడు హ్యాండిల్ పట్టి లాగుతాడు. మిగతా బైకుల మధ్య సందులో మనుషులు సర్దుకుంటారు. సైలెన్సర్ కాలుకు తగలకుండా చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నిలబడ్డ ఆవిడకు నీళ్లు ఎంత దగ్గరో చెప్పక్కర్లేదు. 2007 జనవరిలో, సింగోటం జాతర రోజుల్లో, ఈ చుట్టుపక్కలే పడవ మునిగి 60 మందికి పైగా పోయారు. అప్పటికీ వంతెన లేదు.

వంతెన వస్తే హైదరాబాద్-తిరుపతి దూరం 80 కిలోమీటర్లు తగ్గుతుందట. ఆ 80 కిలోమీటర్ల డీజిల్ మీద పన్ను ఎవరు కడతారు? దారి పొడవునా టీకొట్లవాళ్లు ఏమైపోవాలి? అయినా తొందరెందుకు? పక్కనే గుడిలో ఉన్న సంగమేశ్వరుడు శ్రీశైలం జలాశయం నిండితే నీళ్లలోకి వెళ్లి, వేసవిలో బయటికొస్తాడు. దేవుడే నీటిమట్టం చూసుకుని దర్శనమిస్తుంటే మనుషులకు ఆగే ఓపిక లేదా?

అందుకే విమానమే మేలంటాను. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2021 నుంచి విమానాశ్రయం ఉంది. కొల్లాపూర్‌వాళ్లు అక్కడికి చేరాలంటే ముందు కృష్ణను, ఆపైన తుంగభద్రను రోడ్డు మీదే దాటాలి. ఆ తర్వాత విమానంతో పనేముంటుందన్నది విమర్శకుల సణుగుడు. కాబట్టి సోమశిల గట్టున ఒకటి, సిద్ధేశ్వరం గట్టున ఒకటి, రెండు విమానాశ్రయాలు కట్టాలి. పైలట్ ఉద్యోగాలు మాత్రం బోటు నడిపేవాళ్లకే ఇవ్వాలి. దారి వాళ్లకు తెలుసు, పైగా బైకులు ఎక్కించడం వచ్చు.