నొప్పి లేని గడ్డనే ముందు చూపించుకోవాలి

ఆదోనిలో నర్సుగా పనిచేస్తూ, పిల్లలను పెంచుకుంటూ, సెలవు రోజుల్లో పల్లెలు తిరిగి ఆడవాళ్లకు క్యాన్సర్ గురించి చెబుతున్న సోదరి కథనం చదివాను. ఆమెకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

అయితే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎలా చేస్తారన్నది వ్యాసంలో ఒక్క వాక్యంతో తేల్చేశారు. మన ఆడవాళ్లను వెనక్కి లాగేది ఆ పరీక్ష ఎలా ఉంటుందోనన్న భయమే. గర్భాశయ ముఖద్వారానికి పలుచని ఎసిటిక్ ఆమ్లం (వెనిగర్‌లో ఉండేదే) దూదితో అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తారు. తేడా ఉన్నచోట తెల్లమచ్చ తేలుతుంది. కోత లేదు, మత్తు లేదు. మచ్చ కనబడినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు, తర్వాతి పరీక్షకు వెళ్లాలని. 30 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు ప్రభుత్వ కార్యక్రమంలోనే దీనితోపాటు నోరు, రొమ్ము కూడా చూస్తారు.

మా చిన్నమ్మ రొమ్ములో గడ్డ తగిలినా నొప్పి లేదు కదా అని ఊరుకుంది. పత్తి తీతలు కానివ్వమంది, ఆ తర్వాత కూతురి పెళ్లి కానివ్వమంది. కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకువెళ్లేసరికి చంకలోకి పాకింది. రొమ్ము క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదని ఆమెకు చెప్పినవారే లేరు.

సోదరికి ఒక్క మనవి. బడులకూ వెళ్లండమ్మా. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా బాగా పనిచేస్తుంది. తల్లులతోపాటు తండ్రులనూ కూర్చోబెట్టి చెప్పండి. మా ఊళ్లలో ఆసుపత్రి ప్రయాణానికి డబ్బు తీసేది వాళ్లే.