శ్రీ జీరో టర్న్ మోవర్ గారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ మోవర్ గారికి,

ఎక్కి కూర్చుని గడ్డి కోసే బండి మీరు, మా గరాజ్‌లో సగం మీరే ఆక్రమించారు కాబట్టి మీ క్షేమం నాకు తెలుసు. ఇక్కడ మేం అంత క్షేమంగా లేము. మెయిల్‌బాక్స్ అసలే లేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, కమ్మింగ్ దగ్గర, ఎకరానికి కాస్త తక్కువ స్థలంలో ఇల్లు కొన్నవాణ్ణి నేను. వారమంతా కంప్యూటర్ ముందు, శనివారం పొద్దున మీ ముందు. మా వైపంతా ఎర్రమట్టి, ఎటు చూసినా మిట్టపల్లాలు. ఇల్లు చూపించినప్పుడు ఏజెంటు ‘వాకౌట్ బేస్‌మెంట్’, నేలకింది అంతస్తు నుంచి నేరుగా పెరట్లోకి తలుపు, అని ఎంతో మురిపెంగా చెప్పింది. అంటే వెనక పెరడు జారుడుబల్ల అని ఆ మాటకి అర్థం. అది నాకు రిజిస్ట్రేషన్ అయ్యాక తెలిసింది.

ఆ జారుడుబల్ల మీద పరిచింది బెర్ముడా గడ్డి. పేరు విని ఏదో దీవి నుంచి దిగుమతైందనుకున్నాను. దగ్గరికెళ్లి చూస్తే మన గరికే! బాపట్ల దగ్గర మా తాత జీవితంలో సగం ఈ గరిక పీకడంలోనే గడిచింది. చిన్న వేరు ముక్క మిగిలినా మళ్లీ లేస్తుందని దాన్ని తిట్టని రోజు లేదు. ఆయన మనవడు అదే గరికకి ఎరువేసి, నీళ్లు పెట్టి, ఏపుగా పెరిగిందని కంగారుపడి, దాన్ని కొయ్యడానికి వాయిదాల మీద మిమ్మల్ని కొన్నాడు.

కొనే రోజు గుర్తుందా? డీలర్ దగ్గర మీ వంశమంతా వరసగా నిలబడి ఉంది. డెక్, అంటే కింద బ్లేడ్లు తిరిగే పెట్టె, వెడల్పు 42 అంగుళాలు, 48, 54, 60. అరవై చూసి మనసు పడ్డాను. మా ఆవిడ మాత్రం ఇంటి దగ్గరే కంచె గేటు కొలిచి, అంకె చీటీ మీద రాసుకొచ్చింది. మనసుకి అక్కడితో తలుపు పడింది. నలభై రెండుకి దిగాను.

అసలు పేచీ తిప్పే చోట వచ్చింది. ఒక వరసలో తొడల మీదికి వంగిన రెండేసి కడ్డీలు. ఇంకో వరసలో కారుకున్నట్టే స్టీరింగ్. ఒంటిచేత్తో తిప్పే జాయ్‌స్టిక్ రకం కూడా ఉంటుందని సేల్స్ కుర్రాడు చెప్పాడు గానీ, వినడానికి నా దగ్గర ఓపిక అయిపోయింది.

“ఏమండీ, స్టీరింగ్ ఉన్నది తీసుకోండి. ఇంట్లో ఎవరైనా నడపొచ్చు” అంది మా ఆవిడ. పక్కనే ఇంకో కొనుగోలుదారు, గడ్డం పెద్దమనిషి, స్టీరింగ్ వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు ఖరీదు నేనింకా కడుతున్నాను. కడ్డీలే కావాలన్నాను.

మీ కడుపులో రహస్యం చిన్నదే. వెనక చక్రాలు రెండింటికీ దేని హైడ్రాలిక్ పంపు దానిది, దేని కడ్డీ దానిది. రెండూ సమానంగా తోస్తే ముందుకి, రెండూ లాగితే వెనక్కి, ఒకటి తోసి ఒకటి లాగితే ఉన్నచోటే బొంగరం. మీ పేరులో ‘జీరో టర్న్’ అంటే అదే. ముందు చక్రాలకి పెత్తనమేమీ లేదు, సూపర్ మార్కెట్ బండి చక్రాల్లా ఎటు పోతే అటు తిరుగుతాయి. మీరు మా వాళ్లంటే మా వాళ్లని రెండు రాష్ట్రాలు చెప్పుకుంటాయి. 1949లోనే మాక్స్ స్విషర్ తయారుచేశాడని మిస్సోరీ, 1960ల్లో జాన్ రెగియర్ చేసిందే అసలైనదని కాన్సాస్.

వాళ్లు ఏమీ అనుకోకపోతే ఒక మాట. ఈ విద్య మా ఊళ్లో అరక తోలే ప్రతివాడికీ వచ్చు. ఎడమ పగ్గం బిగిస్తే ఎడమవైపున్న దాపటి ఎద్దు నిలబడుతుంది, కుడివైపున్న ఎలపటిది దాని చుట్టూ తిరిగొస్తుంది. దమ్ము చేసే ట్రాక్టర్ డ్రైవర్ మడి చివర ఒకవైపు బ్రేకు మాత్రం తొక్కి బండిని గిర్రున తిప్పుతాడు. ట్రాక్టర్‌కి కుడికొక బ్రేకు, ఎడమకొక బ్రేకు ఉండేది అందుకే. ఆ బురద వద్దనే కదా నేను ఇంజనీరింగ్ చదివింది!

ఇక మెయిల్‌బాక్స్. మొదటి శనివారం, వెనక్కి రావాలని కడ్డీలు లాగాను. మీరు గభాలున వెనక్కి దూకారు. నా ఒళ్లు ముందుకి తూలింది, ఒంటితో చేతులు, చేతులతో కడ్డీలు. మీరు ముందుకి దూకారు. నేను వెనక్కి ఒరిగాను, కడ్డీలు మళ్లీ వెనక్కి. ఇలా కాసేపు ఇద్దరికీ పూనకం వచ్చినట్టు ఊగాక ఆపింది మెయిల్‌బాక్సే. కడ్డీలని వేళ్లతో మెల్లగా కదపాలని, మోచేతులు ఒంటికి ఆనించుకోవాలని ఎవరూ చెప్పలేదు. మీరైనా చెప్పాల్సింది.

తర్వాత బొట్లు. వరస చివర ఒక చక్రం ఆపేసి రెండోదాంతో గిర్రున తిరగడం నాకు భలే నచ్చింది. ఆగిన చక్రం కింద గడ్డి మెలిపడి, వేళ్లతో సహా ఊడి, ఎర్రమట్టి బయటపడింది. నెల తిరిగేసరికి లాన్ చుట్టూ వరసగా కుంకుమ బొట్లు. పేరంటానికి పిలవడమే తక్కువ. లోపలి చక్రం కూడా నెమ్మదిగా దొర్లుతూ ఉండాలట, లేదా కాస్త వెనక్కి వచ్చి తిరగాలట. మరి పేరులో ఆ ‘జీరో’ ఎందుకు పెట్టుకున్నారో!

బొట్లకి నవ్వుకోవచ్చు, వాలుకి నవ్వు రాదు. పచ్చి ఆరని ఒక పొద్దున వెనక పెరట్లో అడ్డంగా పోతుంటే మీరు కిందికి జారారు. కడ్డీలు రెండూ లాగాను, చక్రాలు వెనక్కి తిరిగాయి, మనం మాత్రం ముందుకే పోయాం. అప్పుడు తెలిసింది: మీకు స్టీరింగైనా బ్రేకైనా ఆ వెనక చక్రాల పట్టే. పట్టు జారితే రెండూ లేవు. ముందు చక్రాల్ని కూడా స్టీరింగే తిప్పే రకానికి వాలు మీద కొంచెం అదుపు ఎక్కువే. అలాగని దానికీ గుట్ట చదునవదు. చాలా మాన్యువళ్లలో 15 డిగ్రీలు దాటొద్దనే ఉంటుంది. మా మాన్యువల్ ఆ రోజు మధ్యాహ్నం మొదటిసారి తెరిచాను. వాలు భాగం ఇప్పుడు చేత్తో తోసే చిన్న మిషన్‌తో కోస్తున్నాను. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

పోయిన వేసవిలో మా నాన్న వచ్చారు. కుర్రతనంలో అరక తోలిన మనిషి. రెండుసార్లు మిమ్మల్ని చుట్టి చూసి, చదునుగా ఉన్న ముందు లాన్‌లో ఎక్కి కూర్చున్నారు. కడ్డీలని పగ్గాల్లా వేళ్ల మధ్య పట్టుకుని ఒక వరస వెళ్లి, తిరిగొచ్చారు. మెలిక లేదు, బొట్టు లేదు.

“ఒరేయ్, ఎలపటిది ముందుకి లాగుతోంది, దాపటిది ఈడుస్తోంది. ఒకసారి చూడు” అన్నారు దిగుతూ.

చూశాను. ఎడమ వెనక టైర్‌లో గాలి తక్కువుంది. మీరు ఎప్పుడూ ఎడమకే లాగుతుంటే నాకు నడపడం రాదేమోనని మూడు నెలలు టెన్షన్ పడ్డాను.

తర్వాత ఆయన కోసిన గడ్డి వైపు చాలాసేపు చూశారు.

“ఇంత గడ్డి ఏ గొడ్డుకిరా?”

“ఏ గొడ్డుకీ కాదు నాన్నా. కోసి అక్కడే వదిలేస్తాం.”

సాయంత్రం దాకా ఆయన మాట్లాడలేదు.

ఇట్లు,
మీ వాయిదాలు కట్టుకుంటున్న విధేయుడు

తా.క.: వినాయక చవితి పూజకి గరిక ఇండియన్ స్టోర్‌లో కట్ట కొన్నాం. మన లాన్‌కి మందు కొట్టించి ఉంది కదా.