పండక్కి ఊరెళ్లేవాళ్లకు ఇంకో మాట

'సంక్రాంతికి ఊరెళ్లినా రోజూ గంట ప్రాక్టీస్ చేయండి' అని, ఉద్యోగం కోసం సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకుంటున్నవాళ్లకు తమ పోస్టులో చెప్పారు ఓ శిక్షణ సంస్థ నిర్వాహకులు. అరిసెలు, కోడిపందేలు, చుట్టాల మధ్య ల్యాప్‌టాప్ తెరిచేదెవరండీ? దానికంటే ఫోన్ కలుస్తుండేలా చూసుకోమనాల్సింది. మా తమ్ముడికి కనుమ నాడే ఉద్యోగం విషయమై కంపెనీ హెచ్ఆర్ నుంచి కాల్ వస్తే, సిగ్నల్ కోసం డాబా ఎక్కి, మైకుల హోరులో చెవి మూసుకుని మాట్లాడాడు.

ఈ ఏడాది తమ దగ్గర నేర్చుకున్న ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయో అదే పోస్టులో గొప్పగా రాశారు సరే, ఆరు నెలలకు ఆ ఉద్యోగాల్లో ఎంతమంది నిలిచారో కూడా రాస్తే బాగుండేది.

అన్నట్టు, ఊళ్లో పిల్లలు అడిగితే హైదరాబాద్ అమీర్‌పేటలో నేర్పే సాఫ్ట్‌వేర్ కోర్సులొక్కటే చెప్పకండి. 2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన అనే కేంద్ర పథకంలో 15–35 ఏళ్ల గ్రామీణ పేద యువతకు శిక్షణ ఉచితం. ఆంధ్రలో సీడాప్, తెలంగాణలో ఈజీఎంఎం అనే ప్రభుత్వ సంస్థలు దాన్ని చూస్తాయి.