సియాటెల్ వారి భీష్మ ప్రతిజ్ఞ

ఈ కాలంలో మాట మీద నిలబడేవారు లేరని వాపోయే పెద్దలకు ఒక శుభవార్త. అమెరికా వాయవ్య మూలన సియాటెల్ మెరీనర్స్ అనే బేస్‌బాల్ జట్టు ఉంది. 1977లో పుట్టింది. 2025 సీజన్ ముగిసేదాకా ఒక్కసారి కూడా వరల్డ్ సిరీస్ (అంటే ఫైనల్) గడప తొక్కలేదు. గెలవలేదు అనుకునేరు! గెలుపు తర్వాతి సంగతి, అసలు ఆడనే లేదు. మేజర్ లీగ్‌లో ఉన్న 30 జట్లలో మిగతా 29 ఎప్పుడో ఒకప్పుడు ఆశకు లొంగి ఫైనల్‌కు వెళ్లినవే. 2019లో వాషింగ్టన్ కూడా జారిపోవడంతో వ్రతం చెడనిది సియాటెల్ ఒక్కటే మిగిలింది.

దీన్ని చేతకానితనం అనే అల్పబుద్ధులు 2001ని గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది 162 మ్యాచ్‌లలో 116 గెలిచారు. 1906 నాటి చికాగో కబ్స్ తప్ప ఆ అంకెను మరెవరూ అందుకోలేదు. జపాన్ నుంచి అప్పుడే వచ్చిన ఇచిరో తొలి సీజన్‌లోనే లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఇంత బలం పెట్టుకుని సింహాసనం ఎక్కకుండా ఉండడం మాటలా? ఫైనల్‌కు ముందు మెట్టులో న్యూయార్క్ యాంకీస్ చేతిలో అయిదింట నాలుగు ఓడి మాట నిలుపుకున్నారు. మళ్లీ అలాంటి ఇరకాటం రాకూడదని 20 సీజన్ల పాటు ప్లేఆఫ్స్ వైపే చూడలేదు. పాండవులే పదమూడేళ్లకు తిరిగొచ్చేశారు.

(1995లో ఎడ్గర్ మార్టినెజ్ కొట్టిన ఒక్క దెబ్బకు యాంకీస్ ఇంటిదారి పట్టినప్పుడు ప్రతిజ్ఞ కాస్త కదిలిన మాట నిజమే. క్లీవ్‌లాండ్ జట్టు వచ్చి, ఓడించి కాపాడింది.)

భీష్ముడు తాను గద్దె ఎక్కకపోయినా ఎక్కేవాళ్లను పెంచాడు. ఇక్కడా అదే ధర్మం. 1998లో సాగనంపిన రాండీ జాన్సన్ 2001లో అరిజోనా తరఫున, సియాటెల్‌ను ఓడించి వచ్చిన ఆ యాంకీస్‌నే మట్టి కరిపించాడు. అలెక్స్ రోడ్రిగెజ్ 2009లో ఆ యాంకీస్‌తోనే కప్పు ఎత్తాడు. ఇల్లు విడవని ఫెలిక్స్ హెర్నాండెజ్ మాత్రం 15 సీజన్లు బంతి విసిరి, ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా ఆడకుండా వెళ్లిపోయాడు. వంశ గౌరవం అంటే అది.

2022లో ఎలాగో ప్లేఆఫ్స్ చేరారు. హ్యూస్టన్‌తో సొంత మైదానంలో మ్యాచ్. తొమ్మిది ఇన్నింగ్స్‌లో ముగియాల్సిన ఆట 18 దాకా సాగింది. ఆరు గంటల 22 నిమిషాలు. అయిదు రోజుల క్రికెట్ చూసి ఎదిగిన మనకు అదొక లెక్క కాదు గాని, అన్ని గంటల్లో సియాటెల్ ఒక్క పరుగు కూడా చేయలేదు. జనం కాళ్ల బూట్లు విప్పి నెత్తిన పెట్టుకున్నారు, అదృష్టం కలిసొస్తుందని. భరతుడికి పాదుకలు ఇచ్చిన అన్నగారు పద్నాలుగేళ్లకు తిరిగొచ్చాడు. వీళ్లకు 18వ ఇన్నింగ్స్‌లో హ్యూస్టన్ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) వచ్చింది. 1-0. బూట్లు దించి, తొడుక్కుని, లేసులు కట్టుకుని ఇళ్లకు వెళ్లారు.

2025లో ప్రమాదం మరీ దగ్గరకొచ్చింది. క్యాల్ రాలీ 60 హోమ్ రన్లు కొట్టాడు. సెప్టెంబరులో ఒక అభిమాని ఇంటర్నెట్‌లో మంత్రగత్తెకు డబ్బు కట్టి జట్టుకు మంత్రం వేయించాడు. ఎండుమిరపకాయలు, ఉప్పు కూడా లేకుండా దిష్టి పోతుందా అని మనవాళ్లు నవ్వుకోవచ్చు, కానీ జట్టు వరసపెట్టి గెలిచింది. ఫైనల్‌కు ముందు మెట్టు, టొరంటోతో ఆఖరిదైన ఏడో మ్యాచ్, ఏడో ఇన్నింగ్స్, 3-1 ఆధిక్యం. ఎనిమిది ఔట్లు తీస్తే వరల్డ్ సిరీసే. అప్పుడు జార్జ్ స్ప్రింగర్ అనే పుణ్యాత్ముడు బంతిని స్టాండ్స్‌లోకి కొట్టి, మూడు పరుగులు తీసి, ఒక వంశం పరువు కాపాడాడు.

ఆ ఓటమి తర్వాత అభిమానులు సియాటెల్ చలికాలపు వానలో అంపశయ్య ఎక్కారు. ఉత్తరాయణం కోసం చూశారు. అక్కడ అది మార్చి చివర్లో కొత్త సీజన్‌తో వస్తుంది, టికెట్ కొనుక్కోవాలి.