'లే' గారికి ఒక బహిరంగ లేఖ

మహాశయా,

'సరే' అనే నిరపాయకరమైన మాట చివర ఒక్క అక్షరంగా చేరి, నిక్షేపంలాంటి సమ్మతిని సణుగుడుగా మార్చేయడంలో తమరికున్న ప్రావీణ్యాన్ని ఇన్నేళ్ళుగా దగ్గరుండి చూసిన బాధితుడిగా ఈ లేఖ రాస్తున్నాను.

మొన్న ఆదివారం "సాయంత్రం మా అక్కావాళ్ళింటికి వెళ్దామా?" అని మా ఆవిడ అడిగినప్పుడు, ఫోనులోంచి తలెత్తకుండా "సరేలే" అన్నాను. ఆమె మడతపెడుతున్న చొక్కాను అలాగే మంచం మీద వదిలేసి, "ఆ 'లే' ఎందుకు?" అంది. "నేనేమన్నాను? సరే అన్నానుగా!" అని దబాయించాను. తమరి ఘనతంతా అక్కడే ఉంది. ఇష్టం లేదన్న సంగతిని అవతలివారికి పూర్తిగా చేరవేస్తూనే, నిలదీస్తే నిఘంటువు చూపించి తప్పుకునే వీలును అన్నవాడికి మిగులుస్తారు. పలికిన మాటకూ, దానినుంచి వినేవారు గ్రహించే భావానికీ మధ్య ఉండే ఈ ఎడాన్ని పాల్ గ్రైస్ అనే తత్వవేత్త 1975లో అచ్చయిన వ్యాసంలో ఓపిగ్గా విడమరిచాడు. మా ఆవిడ ఆయన్ని చదవలేదు, ఆమెకు ఆ అవసరమూ లేదు. అరగంటలో 'ఎప్పుడూ', 'ఏనాడైనా' అనే తమరి బంధువులు కూడా రంగంలోకి దిగడంతో, వాదన ఆరేళ్ళ కిందటి ఒక ప్రయాణం దాకా వెళ్ళింది. అక్కావాళ్ళింటికి మాత్రం మేము వెళ్ళలేదు.

అలాగని తమరిని భాషనుంచి వెలివేయమని కోరేంత కృతఘ్నుణ్ణి కాను. జ్వరంతో పడుకున్నవాడి నుదుటి మీద చెయ్యి వేసి "తగ్గిపోతుందిలే" అన్నప్పుడు, ఆ మాటలోని ధైర్యమంతా తమరిదే. అది ఓదార్పో ఈసడింపో గొంతు చెబుతుంది. చిక్కల్లా గొంతు లేనిచోట, అంటే రాసి పంపే సందేశాల్లో వస్తుంది. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ బృందం 2005లో ప్రచురించిన ప్రయోగంలో, తాము వెటకారంగా అన్నదీ మనస్ఫూర్తిగా అన్నదీ అవతలివారు నూటికి 78 సార్లు పోల్చుకుంటారని ఈమెయిలు పంపినవారు నమ్మారు. పోల్చుకున్నది 56 సార్లు. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తాయి.

కాబట్టి, కనీసం నేను టైపు చేసే 'సరే' పక్కనైనా తమరు చేరవద్దని ప్రార్థన. వేలు నాదే కదా అని తమరు అడగవచ్చు. ఆ ప్రశ్న ఇంట్లో ఇదివరకే వచ్చింది.

ఇట్లు,
తమ నిత్య వినియోగదారుడు

తా.క.: ఈ లేఖను మా ఆవిడకు చూపించాను. రెండుసార్లు చదివి, "బాగానే రాశారులే" అంది.