పాత దూలానికి చిత్రిక పట్టకండి

ఒడిశా కొరాపుట్ జిల్లాలోని సెమిలిగుడ, సునాబెడ, పొట్టంగి వైపు ఇళ్లల్లో ఫైర్‌ప్లేస్ ఉండాల్సిందే. చలికాలం రాత్రుళ్లు పది డిగ్రీల లోపుకి పడిపోతాయి మరి. ఫైర్‌ప్లేస్ నోటి పైన అరలా పాత ఇంటి దూలం పెడదామన్న ఆలోచనా మంచిదే. బాధంతా తర్వాత జరిగేదాని గురించే. దూలాన్ని మిషన్ చిత్రికకి ఇచ్చి, వాల్‌నట్ రంగు కొట్టి, పైన మెరిసే పీయూ (పాలీయురేథేన్ వార్నిష్) పూసేస్తున్నారు.

పాతదనమంతా పైపొరలో ఉంటుంది. ఎండ తిన్నవైపు బూడిద రంగు, వంటింటి పొగ పట్టినవైపు నల్లటి గోధుమ రంగు, రెంటికీ మిల్లీమీటరు మందం కూడా ఉండదు. చిత్రిక ఒక్కసారి నడిచిందా, కింద నిన్న కోసిన టేకులాంటిదే తేలుతుంది. డబ్బాలో రంగేదీ ఆ పొరని తిరిగి తేలేదు.

మసి వదలడానికి సబ్బునీళ్లు, ఇత్తడి బ్రష్ చాలు. ఇనుప బ్రష్ వద్దు. విరిగిన ముక్కలు చెక్కలో ఇరుక్కుని, తడికి నల్లమచ్చలు వేస్తాయి. వారం నీడన ఆరనిచ్చి, లేచిన నూగుని 220 నంబరు ఉప్పుకాగితంతో చేత్తోనే తీయాలి. పాత ఎనామిల్ పెయింట్ ఉన్న తలుపు చెక్కయితే పొడిగా రుద్దొద్దు, కాల్చొద్దు. ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకొచ్చింది. అంతకుముందు వేసిన రంగులో ఎంత సీసముందో చూసి చెప్పలేం.

రెండు పాత చెక్కలకి జోడీ కుదర్చడం రంగుతో కాదు, కర్రతో మొదలవ్వాలి. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కించే ముందే తూకం చూడండి. టేకు ఘనపుటడుగు 18 కిలోల దగ్గర ఉంటుంది, సాల్ (గుగ్గిలం కర్ర) 24 దాకా లాగుతుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఒకే రంగు కొడితే కొన్నాళ్లకే దేనికది వేరుగా కనిపిస్తాయి. వీలైతే ఒకే ఇంటి వాసాలు తీసుకోండి.

అసలు చిక్కు కోసిన చివర దగ్గర. నల్లటి దూలం కొసన లోపలి చెక్క తెల్లముఖం వేసుకుని నిలబడుతుంది. దానికి మందు కలంకారీవాళ్ల దగ్గరుంది, కరక్కాయా ఇనుమూ. 50 గ్రాముల కరక్కాయ పొడిని అరలీటరు నీళ్లలో పావుగంట మరిగించి వడకట్టండి. వేరే సీసాలో అరలీటరు వెనిగర్‌లో ఇనుప ఉన్ని (స్టీల్ ఊల్) ఉండ ఒకటి మూడు రోజులు నాననివ్వండి. గ్యాస్ పుడుతుంది, మూత బిగిస్తే సీసా పేలుతుంది. ముందు కరక్కాయ నీళ్లు పూసి ఆరనిచ్చి, ఇనుప నీళ్లలో నాలుగు వంతుల మామూలు నీళ్లు కలిపి పూయండి. చూస్తుండగానే చెక్క బూడిద రంగుకి తిరుగుతుంది, కానీ నిజమైన రంగు మర్నాడే తెలుస్తుంది. తొందరపడి రెండోచెయ్యి వేస్తే సిరా ఒలికినట్టు నీలినలుపు తేలుతుంది. తునక మీద చూసుకోకుండా దూలం మీద వేయకండి.

ఎత్తు విషయంలో బేరాల్లేవు. అమెరికా ఇళ్ల కోడ్ ప్రకారం పొయ్యి నోటికి ఆరు అంగుళాల లోపు చెక్కే ఉండకూడదు. పన్నెండు లోపయితే ప్రతి అంగుళం దూరానికి అంగుళంలో ఎనిమిదో వంతే ముందుకు రావాలి. అంటే ఎనిమిది అంగుళాల పైనున్న దూలం ఒక్క అంగుళమే బయటికి రావాలి. ఆరంగుళాలు ముందుకొచ్చే దూలానికి పొయ్యి నోటి నుంచి పద్దెనిమిది అంగుళాల ఎత్తివ్వండి. ఏళ్ల తరబడి వేడికి మాడిన చెక్క, మామూలుకన్నా తక్కువ వేడికే అంటుకుంటుంది.

పైపూతకి లక్క పాలిష్ వద్దు, వేడికి మెత్తబడుతుంది. నూనె ఆధారిత పీయూ టేకు మీద సరిగ్గా ఆరదు, చెక్కలోని సహజ పదార్థాలే అడ్డుపడతాయి. ఉడికించిన అవిసె నూనె (బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ పేరుతో డబ్బాలో దొరికేది, ఇంట్లో కాచేది కాదు) పల్చగా పూసి, పావుగంటకి శుభ్రంగా తుడిచేయండి. రోజు తేడాతో రెండు పూతలు చాలు, మెరుపు రాదు, రాకూడదు కూడా. తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. ఆ నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. విప్పి బయట దండెం మీద విడివిడిగా ఆరేయండి, లేదంటే నీళ్ల బకెట్‌లో ముంచండి.